పొగరుబోతు గుఱ్ఱము – మర్యాద నేర్పు విద్య

నాంపల్లి రైల్వే స్టేషను భవనము 1907వ సంవత్సరమున కట్టబడినది. ఆ కాలమున బండి దిగి వెలుపలికి వచ్చిన ప్రయాణికుడు ఆబిడ్స్‌కు పోవలెనన్నను, మూసీ దాటి పాతనగరమునకు పోవలెనన్నను టాంగాయో ఝట్కాయో మాటలాడుకొనవలసినదే. అతడు బేరమాడుచుండగా, కూలీలు పెట్టెలు ఎక్కించుచుండగా, లోపల ఇంజను కూత పెట్టుచుండగా, బండికి కట్టిన గుఱ్ఱము చేయవలసిన పని ఒక్కటే: కదలక నిలుచుట. చూచుటకు ఇది పనియే కాదనిపించును. కాని గుఱ్ఱమునకు నేర్పవలసిన విద్యలలో దీనికంటె కష్టమైనది అరుదు.

ఏలయన, గుఱ్ఱము స్వభావముచేత పారిపోవు జంతువు. గడ్డి మైదానములలో క్రూరమృగములకు ఆహారమగుచు బ్రతికిన జాతి అది. దానికి కొమ్ములు లేవు, వాడి గోళ్లు లేవు; ఉన్నవి నాలుగు కాళ్లును, బోలెడంత అనుమానమును. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే ఇంచుమించు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి సరిగా ఎదుట కొంత చోటు, తోకకు సరిగా వెనుక కొంత చోటు మాత్రము దానికి కనబడవు. చెవులు రెండును వేర్వేరు దిక్కులకు తిరుగగలవు. ఒంటిపై ఈగ వ్రాలినచో ఆ చోటి చర్మమును మాత్రమే అదరించి దానిని తోలివేయును. విశ్రాంతిగా నున్నప్పుడు నిమిషమునకు 30, 40 సార్లు కొట్టుకొను గుండె, బెదరి పరుగెత్తునప్పుడు 200 సార్లు దాటవచ్చును. ఇట్టి జంతువును కూత పెట్టు ఇంజను చెంత నిలబెట్టుట యన్నచో, దాని పుట్టుకనే మరపించుట యన్నమాట.

నిలువని గుఱ్ఱమునకు లోకము పెట్టిన పేర్లు చాల కలవు. తెలుగులో పొగరుబోతు, మొండి, తలబిరుసు. ఉర్దూలో సాధువైనది షరీఫ్, పెంకిది షరీర్. దాని చెడ్డ అలవాటు ఐబు. ఈ మాటలన్నియు మనుష్యుల గుణములను గుఱ్ఱమునకు అంటగట్టినవే. దాణా బాల్చీ కనబడగానే సాయీసును భుజముతో నెట్టివేయు గుఱ్ఱమును, నడిపించువాని కాలు త్రొక్కు గుఱ్ఱమును, చొక్కా పట్టి కొరుకు గుఱ్ఱమును, లాయములోనికి పోగానే వెనుక భాగము త్రిప్పి నిలుచు గుఱ్ఱమును చూచి "దీనికి మర్యాద లేదు" అందురు. అన్న వెంటనే చేతికి కొరడా వచ్చును. ఈ ఒక్క మాటవలన ఎన్ని గుఱ్ఱములు దెబ్బలు తిన్నవో లెక్కలేదు. ఆ దెబ్బలవలన బెదరిన గుఱ్ఱముల క్రింద పడి చేతులు కాళ్లు విరిగినవారికిని లెక్కలేదు. కావున గుఱ్ఱమునకు నిజముగా అమర్యాద యనునది తెలియునా యను ప్రశ్న కేవలము పండితుల విలాసము కాదు. బరువులో అయిదారుగురు మనుష్యులకు సమానమైన జంతువు ప్రక్కన ప్రతిదినము నిలువవలసినవాని ప్రాణమునకు సంబంధించినది.

నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతము ఈ ప్రశ్నకు తగిన చోటు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆర్మేనియా వంశీయుడు ఆల్బర్టు ఆబిడ్ పెట్టిన అంగడివలన ఆబిడ్స్‌కు ఆ పేరు వచ్చినది. ఆ కాలపు నగరములో ప్రభువుల సారట్లు, అద్దెబండ్లు, సవారీ గుఱ్ఱములు ఒకే త్రోవలో నడచెడివి. మలక్‌పేటలో 1886 నుండి గుఱ్ఱపు పందెములు జరిగినవి. బొల్లారమువైపు సైనిక దళముల గుఱ్ఱములు. అక్కడి రిసాలా బజారు పేరే అశ్వదళమును తలపించును. నాంపల్లిని ఆనుకొనియున్న గోషామహల్‌లో నగర పోలీసు అశ్వదళపు లాయములు చాలకాలము ఉండెను. పందెపు గుఱ్ఱము పరుగెత్తవలెను, సైనికుని గుఱ్ఱము వరుస తప్పక నడువవలెను, టాంగా గుఱ్ఱము నిలువవలెను, పోలీసు గుఱ్ఱము గుంపులోనికి తొణకక పోవలెను. ఒక్కొక్క దాని మర్యాద ఒక్కొక్క తీరు. నిజాము ప్రభుత్వము 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ఆరంభించిన పిమ్మట టాంగాల రోజులు క్రమముగా తీరినవి. అయినను గుఱ్ఱము నగరమును పూర్తిగా విడువలేదు.

గుఱ్ఱముతో పనిచేయువారిలోను తెగలు కలవు. మాలీసు చేసి, దాణా పెట్టి, లాయము శుభ్రము చేయువాడు సాయీసు. లాడములు కొట్టువాడు నాల్‌బందు. వైద్యము చేయువాడు సాలోత్రి. అశ్వవైద్యమునకు ఆద్యుడని మన ప్రాచీనులు చెప్పిన శాలిహోత్రుని పేరే కాలక్రమమున ఉర్దూలో ఈ రూపము దాల్చినది. ఒక మహర్షి పేరు వృత్తిపేరై, మతములు భాషలు దాటి లాయములలో నిలుచుట చిన్న వింత కాదు. ఇక కొత్త గుఱ్ఱమును స్వారికి సిద్ధము చేయువాడు చాబుక్ సవారు. చాబుక్ అనగా కొరడా. పేరులో కొరడా ఉన్నను, నేర్పుగల చాబుక్ సవారు పని చాలవరకు నేలమీదనే, గుఱ్ఱమెక్కక మునుపే జరుగును. పొడవైన తాడు చివర గుఱ్ఱమును గుండ్రముగా త్రిప్పుటకు ఉర్దూలో కావా అని పేరు. పట్టుకొని నడిపించు తాడు బాగ్‌డోర్. ఈ రెండు మాటలు ఉన్నవన్నచో, వాటి వెనుక ఒక విద్య ఉన్నదన్నమాటే.

ఆ విద్య ఎంత పాతది? గుఱ్ఱపు శిక్షణపై ఇంతవరకు దొరికిన మిక్కిలి పురాతన గ్రంథములలో ఒకటి నేటి తుర్కీ దేశమున, హిట్టైటుల రాజధానియైన హత్తుసా శిథిలములలో మట్టిపలకలపై దొరికినది. క్రీ. పూ. 14వ శతాబ్ది ప్రాంతమున మితన్ని దేశపు కిక్కులి అను అశ్వశిక్షకుడు చెప్పినది అది. రథపు గుఱ్ఱములను నెలల తరబడి, దినదినమునకు లెక్కతో ఎట్లు సిద్ధము చేయవలెనో అందు కలదు. త్రిప్పు చుట్లను లెక్కించుటకు అతడు వాడిన మాటలు ఐకవర్తన, తేరవర్తన, పంజవర్తన, సత్తవర్తన, నావర్తన. ఏక, త్రి, పంచ, సప్త, నవ సంఖ్యలను వీనిలో గుర్తించుటకు మన చదువరులకు నిఘంటువు అక్కరలేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రములో అశ్వాధ్యక్షుని గూర్చి ఒక ప్రకరణమే కలదు. స్వారి గుఱ్ఱపు నడకలను వల్గనము, నీచైర్గతము, లంఘనము, ధోరణము, నారోష్ట్రము అని అయిదు విధములుగా విభజించి, చివరిదైన నారోష్ట్రమునకు సంజ్ఞను అనుసరించి మెలగుట అని అర్థము చెప్పినాడు. మిగిలిన నాలుగును కాళ్లకు సంబంధించినవి కాగా, ఇది ఒక్కటి చెవికి, కంటికి, బుద్ధికి సంబంధించినది. దీనిని కూడ నడకలలో చేర్చుట కౌటిల్యుని గమనికకు నిదర్శనము. ఇంచుమించు 1130 ప్రాంతమున కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసములో గుఱ్ఱముల పరీక్ష, శిక్షణ, గుఱ్ఱములపై నెక్కి ఆడు బంతియాట వర్ణింపబడినవి. ఆ కల్యాణి 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోని ఊరే. శుక్రనీతి కాలము వివాదాస్పదమైనను, అందలి ఒక మాట గమనింపదగినది: ఏ తప్పునకు ఏ చోట కొట్టవలెనో చెప్పుచునే, తగని చోట కొట్టినచో గుఱ్ఱమునకు లేని దోషములు పుట్టునని అది హెచ్చరించుచున్నది. దోషము గుఱ్ఱముతో పుట్టినది కాదు, మనిషి చేతినుండి పుట్టవచ్చునని గ్రహించుట ఆ కాలమునకు గొప్ప విషయమే.

తెలుగులో మనుమంచిభట్టు అశ్వలక్షణములపై పద్యములలో గ్రంథము వ్రాసినాడు. ఇట్టి లక్షణగ్రంథములలో సుడులకు పెద్దపీట. నుదుట సుడి ఏ చోట నున్నది, ఎన్ని యున్నవి, ఎటు తిరిగినవి యను దానినిబట్టి గుఱ్ఱము మంచిదో చెడ్డదో, యజమానికి కలిసివచ్చునో రాదో నిర్ణయించెడివారు. దీనిని మూఢనమ్మకమని కొట్టివేయవచ్చును. కాని 1995లో అమెరికాలో టెంపుల్ గ్రాండిన్, ఆమె సహచరులు పశువులపై జరిపిన పరిశీలనలో, కన్నులకంటె ఎత్తున సుడి గల పశువులు మనుష్యులు పట్టుకొన్నప్పుడు ఎక్కువగా కలవరపడినవని తేలినది. చర్మమును, నాడీమండలమును గర్భమునందు ఒకే పొరనుండి ఏర్పడునవి కావున ఏదో సంబంధము ఉండవచ్చునని ఊహ. యజమాని అదృష్టమునకు, సుడికి మాత్రము ఏ ముడియు లేదు. సుడి చూచి కొన్న గుఱ్ఱమును నేర్పు లేని చేతికి అప్పగించినచో అది నెలలోపల కొరుకుట నేర్చును.

మన దేశములో గుఱ్ఱములను కట్టివేయు పద్ధతి పేరు అగాడీ-పిఛాడీ. ముఖమునుండి రెండు తాళ్లు ముందరి మేకులకు, వెనుక కాళ్లనుండి తాళ్లు వెనుకటి మేకునకు కట్టుదురు. వందలకొలది గుఱ్ఱములను ఆరుబయట వరుసగా నిలుపు దండుకు ఇది అనువైన ఏర్పాటే. కాని కట్టివేసినందున కదలని గుఱ్ఱము వేరు, నిలుచుట నేర్చిన గుఱ్ఱము వేరు. మొదటిదాని మర్యాద తాడులో ఉండును. తాడు విప్పగానే తీరిపోవును. ఈ భేదము తెలియని దండులో గుఱ్ఱము వేయు తన్నులకు కారణము గుఱ్ఱపు గుణమే యనుకొనెడివారు.

హైదరాబాదు కాంటింజెంటు అశ్వదళములలో సిల్లాదారీ పద్ధతి ఉండెను. సిల్లాదారు తన గుఱ్ఱమును తానే తెచ్చుకొని కొలువులో చేరును. ఇతరుల గుఱ్ఱముపై కొలువు చేయువాడు బార్గీరు. సొంత సొమ్ము పెట్టినవానికి గుఱ్ఱముపై ఓర్పు సహజముగా ఎక్కువ. 1903లో ఈ దళములు బ్రిటిషు భారత సైన్యములో కలిసినవి. వానిలోనిదే 20వ డెక్కన్ హార్స్. ఫ్రాన్సులో 1916 జూలై 14న సోమ్ యుద్ధమున హైవుడ్ చెంత అది గుఱ్ఱములపై దాడి చేసినది. ఫిరంగుల మ్రోతలో పారిపోక ముందుకు పోయిన ఆ గుఱ్ఱములను పిఛాడీ తాళ్లు నడిపించలేదు గదా!

ఆనాటి భారత అశ్వదళములకు గుఱ్ఱములు పెద్ద సంఖ్యలో ఆస్ట్రేలియానుండి ఓడలలో వచ్చెడివి. న్యూ సౌత్ వేల్స్ పేరునుబట్టి వీనికి వేలర్లు అని పేరు. చెన్నపట్టణము, కలకత్తా, బొంబాయి రేవులలో దిగు ఈ గుఱ్ఱములలో విశాలమైన బీళ్లలో పెరిగి మనిషి చేతిని పెద్దగా ఎరుగనివే ఎక్కువ. వీనిని మచ్చిక చేయుట పెద్ద సమస్య కావుటచే, పాశ్చాత్య దేశముల "గుఱ్ఱపు మాంత్రికుల" పద్ధతులపై ఇక్కడ ఆసక్తి హెచ్చినది. వారిలో ప్రసిద్ధుడు అమెరికాలోని ఒహాయోకు చెందిన జాన్ రేరీ. అతడు 1858లో ఇంగ్లాండులో క్రూయిజర్ అను అతి క్రూరమైన మగ గుఱ్ఱమును లొంగదీసి పేరు గాంచినాడు. ముందరి కాలు ఒకటి మడిచి పట్టీతో కట్టి, గుఱ్ఱము అలసి నేలపై పడుకొనువరకు ఓపికగా వేచి, పిమ్మట ఒళ్లంతయు నిమురుట అతని పద్ధతి. కొట్టుట లేదు, తిట్టుట లేదు. చూచినవారు ఆశ్చర్యపడిరి. కాని ఎంత పెనుగులాడినను ఫలితము లేదని తెలిసి ఊరకుండుట నేర్చుకొనుట కాదు, ఆశ వదలుకొనుట అని నేటి ప్రవర్తనా శాస్త్రజ్ఞులు చెప్పుదురు. భారతదేశమున సైన్యములో పనిచేసిన కెప్టెన్ మాథ్యూ హొరేస్ హేయ్స్ 1889లో గుఱ్ఱములను మచ్చిక చేయు విధానముపై సచిత్ర గ్రంథము ప్రకటించినాడు. ఎక్కక మునుపే పొడవైన పగ్గములతో, గుఱ్ఱము వెనుక నేలపై నడచుచు నోటికి అలవాటు చేయుటను అతడు సమర్థించినాడు. రేరీ ప్రదర్శనలకంటె ఇదియే మేలైన దారి.

ఇంతవరకు విద్య ఉన్నది గాని, అది ఎందుకు పనిచేయునో తెలియదు. నాంపల్లిలో స్టేషను కట్టిన 1907లోనే జర్మనీలో వెలువడిన ఒక పుస్తకము ఆ దారిని కొంత తెరచినది. బెర్లినులో విల్‌హెల్మ్ ఫాన్ ఆస్టెన్ అను ఉపాధ్యాయుని గుఱ్ఱము హాన్స్ లెక్కలు చేయునని పేరుపడినది. ఎంతయని అడిగినచో సరిగా అన్నిమార్లు కాలితో నేల తట్టును. 1904లో ఒక పరిశీలక సంఘము మోసము లేదని తేల్చినది. పిమ్మట ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అను మనస్తత్వ శాస్త్ర పరిశోధకుడు, ప్రశ్న అడుగువానికే జవాబు తెలియనప్పుడు గుఱ్ఱమునకును తెలియదని కనుగొనెను. సరియైన సంఖ్య రాగానే అడుగువాని తల వానికే తెలియనంత స్వల్పముగా పైకి కదలును. హాన్స్ చూచినది దానిని. గుఱ్ఱమునకు గణితము రాదు. మనిషిని చదువుట వచ్చును. మనము చెప్పితిమనుకొన్నదానిని కాక, మన శరీరము చెప్పినదానిని అది వినును.

రెండవ దారి పిల్లులనుండి వచ్చినది. 1898లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను పెట్టెలలో ఉంచి, బయటపడుటకు అవి ఎట్లు నేర్చునో పరిశీలించినాడు. మేలు కలిగించిన పని మరల జరుగును, కలిగించనిది క్రమముగా మాయమగును అని అతని సూత్రము. తరువాత బి. ఎఫ్. స్కిన్నర్ దీనిని విస్తరించినాడు. మేలు అనగా తిండియే కానక్కరలేదు. బాధించుచున్నది తొలగుట కూడ మేలే. అట్లు తొలగుటవలన ఒక పని స్థిరపడుటను ఋణ పునర్బలనము అందురు. ఋణ యన్నది గణితములోని తీసివేత గుర్తు వంటిది, చెడ్డది యని కాదు. గుఱ్ఱపు విద్య యంతయు దాదాపు దీనిపైననే నిలిచియున్నది. పగ్గము లాగినందున గుఱ్ఱము నేర్చుకొనదు. లాగిన పగ్గము వదలినప్పుడు నేర్చుకొనును. వదలుట ఒకటి రెండు క్షణములు ఆలస్యమైనచో, ఆ మధ్యలో చేసిన మరియొక పనిని నేర్చుకొనును.

ఇప్పుడు దాణా బాల్చీ ముందరి గుఱ్ఱమును మరల చూతము. సాయీసు ఉలవల బాల్చీతో లోపలికి వచ్చును. గుఱ్ఱము భుజముతో నెట్టును. సాయీసు ఒక అడుగు వెనుకకు వేసి, గొడవ ఎందుకని తొందరగా దాణా పోయును. గుఱ్ఱమునకు రెండు లాభములు: మనిషి అను అడ్డము తొలగినది, తిండి వచ్చినది. దినమునకు రెండు పూటలు, ఏడాదికి 730 పాఠములు. ఇన్ని పాఠములు చదివిన విద్యార్థి పరీక్షలో తప్పునా? అమర్యాద యని మనము పేరు పెట్టినది, మనమే శ్రద్ధగా నేర్పిన పాఠము. ఆ గుఱ్ఱము సాయీసును అవమానించుట లేదు. అతడు తొలగు వస్తువని తెలిసికొన్నది, అంతే.

దీనిని మార్చుటకు మొదట పిలువవలసినవాడు చాబుక్ సవారు కాదు, సాలోత్రి. పండ్లు అరిగి వాడి అంచులు బుగ్గలకు గ్రుచ్చుకొన్నను, జీను వీపుపై ఒరసికొన్నను, గిట్టలలో నొప్పి ఉన్నను గుఱ్ఱము కొరుకును, తన్నును. నొప్పితో తన్నినదానికి మర్యాద నేర్పబోవుట దుర్మార్గము. నొప్పి లేదని తేలిన పిమ్మట పని ఆరంభమగును. నోటిలో ఇనుము లేని ముఖపట్టీ, దానికి రెండు బారల తాడు, చదునైన నేల చాలును. మొదటి దినములలో దాణా బాల్చీ దగ్గరకు రానీయరాదు.

మొదటి పాఠము ఒక్క అడుగు వెనుకకు వేయించుట. శిక్షకుడు గుఱ్ఱమునకు సరిగా ఎదుట కాక, మెడ ప్రక్కగా నిలిచి, తాడును ముఖమువద్ద మెల్లగా వెనుకవైపునకు ఒత్తును. గుఱ్ఱము ఏమియు చేయదు. అతడును హెచ్చించక, తగ్గించక అట్లే ఉండును. గుఱ్ఱము తల ఎత్తును, ప్రక్కకు త్రిప్పును, ముందుకు నెట్టును, ఒత్తిడి పోదు. చివరకు బరువును వెనుక కాళ్లపైకి కొంచెము మార్చును. అడుగు వేయనక్కరలేదు, బరువు మారిన ఆ క్షణముననే తాడు సడలవలెను. సడలించి, ఊరకుండి, గుఱ్ఱము పెదవులు నాకికొనువరకో, తల దించువరకో ఆగి, మరల అడుగవలెను. పది మార్లలో ఒత్తిడి సగమై, ఇరువది మార్లలో వ్రేలితో తాకినంత చాలును. దినమునకు పదునైదు నిమిషములకు మించరాదు.

రెండవది వెనుక భాగమును ప్రక్కకు తొలగించుట. గుఱ్ఱపు బలమంతయు వెనుక కాళ్లలో ఉండును. తన్నుటకును, పరుగెత్తుటకును మూలమదే. ఒక వెనుక కాలు రెండవదానిని దాటి అడ్డముగా పడినప్పుడు అది ముందుకు దూకలేదు. పిమ్మట నడిపించుట: గుఱ్ఱపు తల మనిషి భుజమునకు ముందుపడరాదు, మనిషి ఆగినప్పుడు ఆగవలెను. పిమ్మట కావా: మనిషి గుఱ్ఱపు భుజమునకు వెనుకగా నిలిచినచో అది ముందుకు సాగును, భుజమునకు ముందువైపునకు వచ్చినచో నెమ్మదించును. మాట లేకయే, నిలిచిన చోటుతోనే గుఱ్ఱమును నడుపుట, ఆపుట చూచినవారికి మంత్రమువలె తోచును. హాన్స్ కథ తెలిసినవారికి తోచదు.

ఇందులో చాలమంది తప్పు చేయు చోటు ఒకటి కలదు. ఇంతకాలము నెట్టినచో తొలగిన మనిషి ఇప్పుడు తొలగనిచో, గుఱ్ఱము నెట్టుట మానదు. మొదట ఇంకను గట్టిగా నెట్టును. ఏదో ఒక దినము తలుపు తెరువనిచో మనము మరింత గట్టిగా కొట్టుటలేదా? పాత అలవాటు ఆరిపోవుటకు ముందు ఇట్లు ఒకమారు మండును. అప్పుడే సాయీసు భయపడి వెనుకకు జరుగును. జరిగినచో, ఇంత గట్టిగా నెట్టవలెనన్నమాట అని గుఱ్ఱము నేర్చును. పదిమార్లలో ఒకమారు మాత్రమే తొలగు మనిషి, ఎల్లప్పుడు తొలగువానికంటె చెడ్డ గురువు; అప్పుడప్పుడు మాత్రమే ఫలించు పని మరింత గట్టిగా నాటుకొనునని స్కిన్నర్ ప్రయోగములు చూపినవి. జూదగాండ్రను ఎరిగినవారికి ఇది కొత్త కాదు.

20వ శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికాలో వ్యాపించిన "సహజ అశ్వవిద్య" ఈ నేలపాఠములకు గొప్ప ప్రచారము తెచ్చినది. కాని దానితోపాటు ఒక సిద్ధాంతము కూడ వచ్చినది: మందలో నాయకురాలు ఉండును, మనిషి ఆ నాయకత్వమును చేపట్టవలెను, అప్పుడు గుఱ్ఱము అతనిని గౌరవించి వెంట నడచును అని. గుండ్రని దొడ్డిలో గుఱ్ఱమును తరిమి, అది మనిషివైపు తిరుగగానే తరుముట ఆపినచో, కొంతసేపటికి అది దగ్గరకు వచ్చి వెంట నడచును. దీనిని గౌరవమని, విశ్వాసమని వర్ణించిరి. ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012 ప్రాంతమున దీనిని చమత్కారముగా పరీక్షించిరి. దొడ్డిలో మనిషికి బదులు దూరమునుండి నడుపు బొమ్మ కారును ఉంచి, అదే విధముగా గుఱ్ఱమును తరిమించి, అది కారువైపు తిరుగగానే కారును ఆపించిరి. గుఱ్ఱములు బొమ్మ కారు దగ్గరకు వచ్చుట నేర్చుకొన్నవి. బొమ్మ కారును అవి తమ నాయకురాలిగా ఎన్నుకొన్నవని ఎవ్వరును చెప్పజాలరు గదా! మందలలోని పెద్దరికము కూడ నీరు, మేత, తోడును బట్టి మారుచుండునని క్షేత్ర పరిశీలనలు తెలుపుచున్నవి. తల్లి గుఱ్ఱము పిల్లకు బుద్ధి చెప్పునది నిజమే; కాని చెవులు వెనుకకు మడుచుటతో ఆరంభించి, పిల్ల తొలగగానే అక్కడికి ఆపివేయును. కోపము మిగిల్చుకొనదు. సిద్ధాంతము పోయినను పాఠము మిగిలినది: తొలగినవెంటనే ఒత్తిడి పోవలెను.

పోలీసు గుఱ్ఱముల విషయములో ఈ విద్యకు కఠినమైన పరీక్ష ఎదురగును. హైదరాబాదులో మొహర్రం పదియవనాడు బీబీకా ఆలం ఊరేగింపులో అశ్వదళము నడచుట నగరవాసులు ఎరిగినదే. వేలమంది జనము, జెండాలు, కేకలు, చుట్టును ఇరుకు వీధులు. ఇట్టి చోటికి పోవలసిన గుఱ్ఱమునకు జెండా, గొడుగు, డప్పు, టపాకాయ మొదట దూరమునుండి, పిమ్మట దగ్గరగా, గుఱ్ఱము బెదరని మేరకే అలవాటు చేయుదురు. ఇక్కడ తొందరపడినచో నెలల పని ఒక్క సాయంకాలమున వ్యర్థమగును. బెదరి పారిపోయి బ్రతికితినన్న పాఠమును గుఱ్ఱము సులభముగా మరువదు. 1975లో ఆబూ పర్వతమునుండి హైదరాబాదునకు మారిన సర్దార్ వల్లభ్‌భాయి పటేల్ జాతీయ పోలీసు అకాడమీలోను శిక్షణాధికారులకు గుఱ్ఱపుస్వారి పాఠ్యాంశమే. గోషామహల్ పోలీసు మైదానములో మాత్రము 2025 జనవరిలో కొత్త ఉస్మానియా ఆసుపత్రి భవనమునకు శంకుస్థాపన జరిగినది.

టాంగాలు పోయిన నాంపల్లి వీధులలో గుఱ్ఱము ఇప్పుడు ఎక్కువగా కనబడునది పెండ్లి ఊరేగింపులలో. వరుని ఎక్కించుకొన్న తెల్లని గుఱ్ఱము, ముందర మర్ఫా వాద్యము, రెండు ప్రక్కల దీపములు, వెనుకనుండి కార్ల హారనులు. వెనుకటి దృశ్యము దానికి కొంత కనబడదు, కాని అంతయు వినబడును. తాడు పట్టుకొన్న కుఱ్ఱవానిని గమనించినచో కథ అంతయు తెలియును. టపాకాయ పేలగానే భయముతో తాడును గడ్డము క్రిందకు లాగిపట్టి, ఊరేగింపు ముగియువరకు అట్లే బిగించువాడు ఒకడు. వాని గుఱ్ఱము పాదములు మార్చుచు, తల విసరుచు, నోట నురుగు క్రక్కుచుండును. మరియొకడు పేలినప్పుడు పట్టుకొనును, గుఱ్ఱము నాలుగు కాళ్లపై నిలువగానే తాడును రెండు జానల మేర వదలును. వాని గుఱ్ఱము ఒక చెవిని వాద్యమువైపు, ఒక చెవిని కుఱ్ఱవానివైపు ఉంచి, తల దించి నడచుచుండును.